మోకాళ్ల మీద మార్కెట్టు

పొద్దున్నే టీవీ పెట్టండి. మెట్లెక్కలేని ముసలాయన డబ్బా మూత తీస్తాడు. మర్నాటికి మనవడితో క్రికెట్టు! నూటికి నూరుపాళ్లు మూలికలేనట, సైడ్ ఎఫెక్టులు సున్నా అట. అదే డబ్బా తిప్పి చూడండి. అడుగున, చీమ తలకాయంత అక్షరాల్లో, ‘ఔషధంగా వాడటానికి కాదు’ అని ఉంటుంది. టీవీలో మందు, లేబుల్లో తిండి. ఇదేం అవతారం సామీ?

మా పెద్దమ్మ మంచం పక్క స్టూలు మీద ఐదు డబ్బాలు. గ్లూకోసమైన్ ఒకటి. పసుపు సారం ఒకటి. శల్లకి, గుగ్గులు కలిపింది ఇంకోటి. అమెరికా నుంచి కొడుకు పంపిన రాకాసి డబ్బా నాలుగోది. అందులో పై మూడు డబ్బాల సరుకూ మళ్లీ ఉంది! ఐదోది పక్కింటావిడ ఇచ్చిన పేరులేని పొడి. పెద్దమ్మ ఏకాదశినాడు ఉల్లిపాయ ముట్టదు. గ్లూకోసమైన్ ఎక్కువగా రొయ్య, పీత పెంకుల నుంచే తీస్తారని ఆమెకు ఎవరు చెప్పాలి? నాకైతే ధైర్యం చాలలేదు.

నవ్వులాట ఇక్కడితో సరి. పెద్దమ్మకు గుండె కవాటం మార్చారు. రక్తం గడ్డకట్టకుండా రోజూ వార్ఫరిన్ వేసుకుంటుంది. దానికి గ్లూకోసమైన్ తోడై రక్తం మరీ పలచబడ్డ కేసులున్నాయి. పసుపు సారంతోనూ అదే భయం. ‘పసుపేగా, చారులో వేసుకోమా?’ వేసుకుంటాం, చిటికెడు! పసుపు పొడిలో కర్క్యుమిన్ నూటికి మూడు పాళ్లు, అటూఇటూగా. 95 శాతం సారమున్న 500 మిల్లీగ్రాముల గుళిక ఒక్కటి దాదాపు 15 గ్రాముల పసుపుతో సమానం. అంత పసుపు చారులో పోస్తే పెద్దమ్మే గిన్నె విసిరికొడుతుంది. పైగా ఒంటికి పట్టాలని మిరియాల సారం కలుపుతారు. అది పసుపుకే కాదు, ఫిట్స్‌కు వాడే ఫెనిటాయిన్ లాంటి మందులకూ తలుపులు బార్లా తీస్తుంది. పసుపు గుళికలతో లివర్ దెబ్బతిన్నవాళ్లూ ఉన్నారు. ఇటలీ 2022లో వాటి లేబుళ్ల మీద హెచ్చరిక తప్పనిసరి చేసింది. మనది పసుపు పుట్టినిల్లాయె! హెచ్చరిక పెడితే నామోషీ.

పోనీ మోకాలికైనా మేలా? 2006లో అమెరికాలో 1583 మంది మీద గ్లూకోసమైన్, కాండ్రాయిటిన్ పరీక్షించారు. మొత్తమ్మీద ఉత్తుత్తి మాత్ర కంటే మెరుగని తేలలేదు.

ఇక పేరులేని పొడి. పేరున్నదాని సంగతే వినండి. ‘ఆర్ట్రీ కింగ్’ అనే కీళ్ల సప్లిమెంటులో లేబుల్ మీద లేని డైక్లోఫెనాక్, డెక్సామెథసోన్ ఉన్నాయని 2022లో అమెరికా ఎఫ్‌డీఏ బయటపెట్టింది. మూలిక మహిమా? కాదు, స్టెరాయిడ్ మహిమ! మర్నాటికే నొప్పి మాయమైందా? సంబరపడకండి, అనుమానించండి. నెలల తరబడి వాడి ఉంటే డాక్టరును అడక్కుండా ఒక్కసారిగా మానకండి, అదీ ప్రమాదమే.

చట్టం లేదా? భేషుగ్గా ఉంది. మాయమందుల ప్రకటనల మీద 1954లోనే తెచ్చారు. కీళ్లవాతం ఆ జాబితాలో ఉంది. ఆయుర్వేద మందుల ప్రకటనలకు ముందే అనుమతి కావాలని 2018లో రూల్ 170 పెట్టారు. దాని కింద చర్యలొద్దని 2023లో ఆయుష్ శాఖే రాష్ట్రాలకు రాసింది! 2024లో రూలునే ఎత్తేస్తే సుప్రీంకోర్టు అడ్డుపడింది. ఏడాది తిరిగేసరికి ఆ కేసు మూతపడింది. డబ్బా మూతలు మాత్రం తెరిచే ఉన్నాయి.

డాక్టర్లూ తక్కువ తినలేదు. రెండు నిమిషాల్లో చీటీ రాసి పంపేవాడికి స్టూలు మీద ఏముందో ఎలా తెలుస్తుంది? అడిగినా మనవాళ్లు చెబుతారా? ‘అవి మందులు కావుగా, బాబూ!’

అందుకే ఈసారి ఆస్పత్రికి వెళ్లేటప్పుడు డబ్బాలన్నీ సంచిలో వేసుకెళ్లండి. పేరులేని పొడితో సహా. బల్ల మీద కుమ్మరించండి. ఆపరేషన్ ఉందంటే మరీ ముందే వెళ్లండి. డాక్టరు విసుక్కుంటే విసుక్కోనివ్వండి.

పెద్దమ్మ సంచి బల్ల మీద పోస్తే, తిరిగి ఇంటికొచ్చింది వార్ఫరిన్ ఒక్కటే.