డాక్టరుగారి బండి: మేస్త్రీయ వ్యాఖ్యా సహితము

అవతారిక

కాళిదాసు కవిత్వం చెడ్డ వ్యాఖ్యల విషం తలకెక్కి మూర్ఛపోయిందనీ, తన టీక దాన్ని మళ్లీ లేపుతుందనీ చెప్పి మల్లినాథసూరి తన వ్యాఖ్యకు ‘సంజీవని’ అని పేరు పెట్టుకున్నాడు. ఆయన మెదకుసీమ వాడు. కావ్యాల సంగతి చూసుకున్నాడు. మాది రామచంద్రపురం. ఇక్కడ మూర్ఛపోయేవి డీజిలు కార్లు. వాటికి విషం పెట్టేది బ్రోకరు, సంజీవని తెచ్చేది మేస్త్రి. మధ్యలో పర్సు పట్టుకుని నిలబడ్డ తెలుగు మాస్టార్ని నేను.

వ్యాఖ్యానానికి తీసుకున్న గ్రంథం చిన్నది. మొన్న వేసవిలో ఒక బ్రోకరుగారు నా ఫోనుకు పంపించారు.

మూలము

“డాక్టరుగారి బండి. సింగిల్ ఓనర్. డెబ్బై రెండు వేలే తిరిగింది. ఇంజను ముట్టుకోలేదు. పేపర్లు క్లియర్. రూపాయి ఖర్చు లేదు. కొనేవాళ్లే ఫోను చెయ్యండి.”

కాలనిర్ణయము

గ్రంథంలో తేదీ లేదు. అయితే నంబరు ప్లేటు మీద ఏపీ 05 ఉంది. అది పాత తూర్పు గోదావరి ముద్ర. 2019లో రాష్ట్రమంతటికీ ఒకే ఏపీ 39 వచ్చాక కొత్త బళ్లకు ఆ అంకె వెయ్యడం మానేశారు. ఆర్సీలో పుట్టిన సంవత్సరం 2012. అప్పటికి పెట్రోలు ధర మీద సర్కారు చెయ్యి తీసేసి రెండేళ్లయింది. డీజిలు మీద మాత్రం 2014 అక్టోబరు దాకా తియ్యలేదు. రెంటికీ లీటరుకి పాతిక రూపాయల పైనే తేడా ఉన్న రోజులవి. ఊరంతా డీజిలు జపం చేసింది.

ఇంజను 1248 సీసీ. ఫియట్ వాళ్లు తయారు చేసిన ఈ ఒక్క ఇంజన్నే మారుతి వాళ్లు స్విఫ్టులోనూ డిజైరులోనూ, టాటా వాళ్లు విస్టాలోనూ పెట్టుకున్నారు. ఒకే రామకథ మన భాషలో రంగనాథ, భాస్కర, మొల్ల రామాయణాలైనట్టు. 2020 ఏప్రిల్లో బీఎస్-6 నిబంధన రాగానే మారుతి డీజిలు కార్లు చెయ్యడమే మానేసింది. అంటే ఈ గ్రంథం ఇప్పుడు అచ్చులో లేదు. దొరికేవన్నీ చేతులు మారిన పాత ప్రతులు. పాత ప్రతి అన్నాక లేఖక దోషాలుంటాయి, ప్రక్షిప్తాలుంటాయి. పరిష్కర్త లేకుండా చదవకూడదు.

ప్రతిపదార్థము

డాక్టరుగారి = వైద్యునిదైన. ఏ వైద్యుడో మూలంలో లేదు. బ్రోకర్ల సంప్రదాయంలో పాత కారన్నాక డాక్టరుగారిదో, బ్యాంకు మేనేజరుగారిదో, పిల్లలు అమెరికాలో ఉన్న రిటైర్డు ఉద్యోగిదో అయితీరాలి. ట్రావెల్సుకు తిప్పిన బండి భూలోకంలో లేదు. చకోరాలు వెన్నెల తాగినట్టు ఇదొక కవిసమయం. పోనీ నిజంగానే డాక్టరుగారిదనుకున్నా అది గుణం కాదని మేస్త్రిమతం. ఇంటికీ క్లినిక్కుకీ మధ్య రెండు కిలోమీటర్లు తిరిగే డీజిలు ఇంజను ఏనాడూ పూర్తిగా వేడెక్కదు. మసి లోపలే పేరుకుంటుంది, ఈజీఆర్ వాల్వు పూడుకుపోతుంది. రోజూ కాకినాడ వెళ్లొచ్చే బండికి ఆ జబ్బు తక్కువ. డాక్టరుగారి బండికే రోగాలెక్కువన్న మాట.

సింగిల్ ఓనర్ = ఒక్కడే యజమాని. ఇది శ్లేష. ఆర్సీలో పేరున్నవాడు ఒకడు, స్టీరింగు పట్టినవాళ్లు నలుగురు. ఫారం 29, ఫారం 30ల మీద ఖాళీ సంతకాలు చేయించి పెట్టుకుంటే బండి ఎన్ని చేతులు మారినా కాయితం మీద ఓనరు ఏకపత్నీవ్రతుడిలా ఒక్కడే. అయితే ఆ బండి ఎవరినన్నా గుద్దితే నష్టపరిహారం కట్టాల్సింది ఆర్సీలో పేరున్నవాడేనని 2018లో నవీన్ కుమార్ కేసులో సుప్రీంకోర్టు తేల్చింది. కాబట్టి పేరు మార్పించుకోవడం కొన్నవాడికెంత అవసరమో అమ్మినవాడికి అంతకన్నా అవసరం.

డెబ్బై రెండు వేలే = డెబ్బై రెండు వేలు మాత్రమే. చివరి ఏకారం అవధారణార్థకం. ‘లక్షా ఎనభై వేలే’ అని ఏ బ్రోకరూ అనడు గనక, ఏకారం కనబడ్డచోట అంకెను అనుమానించాలని సూత్రం. లెక్క కట్టి చూడండి. పదమూడేళ్లలో డెబ్బై రెండు వేలంటే ఏడాదికి అయిదున్నర వేలు, రోజుకు పదిహేను కిలోమీటర్లు. రోజుకు పదిహేను కిలోమీటర్లు తిరిగేవాడు 2012లో పెట్రోలు బండి మానేసి, ఎక్కువ డబ్బు పోసి డీజిలు ఎందుకు కొన్నట్టు? పొసగదు. పైగా క్లచ్చి పెడలు రబ్బరు గీతలన్నీ అరిగి నున్నగా ఉంది. డ్రైవరు సీటు కుడి అంచు కుంగింది. స్టీరింగు, గడియారంలో పదీ పదికి ముళ్లుండే చోట, అద్దంలా మెరుస్తోంది. మీటరు ఒక్కటే కుర్రది, మిగతా ఒళ్లంతా ముసలిది. ఈ పాదం ప్రక్షిప్తం.

ఇంజను ముట్టుకోలేదు = రిపేరుకు విప్పలేదు. ఆయిలు కూడా మార్చలేదని ధ్వని. ఈ ధ్వని నిజమైతే బండి వదిలెయ్యాలి. ఈ ఇంజన్లో టైమింగు చెయినుని బిగువుగా పట్టి ఉంచేది ఆయిలు ఒత్తిడే. టర్బో ఇరుసు తిరిగేదీ పల్చటి ఆయిలు పొర మీదే. ఆయిలు తారయ్యాక రెండూ పోతాయి.

పేపర్లు క్లియర్ = కాయితాల్లో చిక్కు లేదు. ఫైనాన్సు తీరిందో లేదో ఫారం 35 చూడాలి. ఇన్సూరెన్సు పద్నాలుగు రోజుల్లో మన పేరుకు మార్చాలి. పదిహేనేళ్లు నిండితే రిజిస్ట్రేషను మళ్లీ చేయించుకోవాలి. ఈ బండికి ఆ గండం 2027లో.

రూపాయి ఖర్చు లేదు = అతిశయోక్త్యలంకారం. వ్యాఖ్య అనవసరం. ఉత్తరభాగంలో అనుభవపూర్వకంగా తెలుస్తుంది.

కొనేవాళ్లే = ఇది అధికారి నిరూపణ. శాస్త్రగ్రంథాలన్నీ ఈ చదువుకు అర్హుడెవడో మొదటే చెబుతాయి. బ్రోకరు చివర్న చెప్పాడు, అంతే తేడా.

విశేషము

పొద్దున్నే ఆరింటికల్లా నేనూ మేస్త్రీ వెళ్లాం. డీజిలు ఇంజను గుణం చల్లగా ఉన్నప్పుడే తెలుస్తుందని ఆయన పట్టు. దీనికి స్పార్కు ప్లగ్గులుండవు. గాలిని దాదాపు పద్దెనిమిదో వంతుకి నొక్కితే పుట్టే వేడికే డీజిలు అంటుకోవాలి. లోపల అరిగిపోయి ఒత్తిడి కారిపోతున్న ఇంజను చల్లటివేళ తొందరగా అందుకోదు. వేడి చేసి పెడితే బుద్ధిమంతుడిలా నటిస్తుంది.

మేస్త్రి తాళం అడగలేదు. బానెట్టు మీద అరచెయ్యి ఆన్చాడు.

“ఆయ్, మాస్టారూ, మీరూ ఓసారి చెయ్యి పెట్టి చూడండి.”

వెచ్చగా ఉంది.

“ఎండకండీ,” అన్నాడు బ్రోకరు. కొబ్బరాకుల వెనకాల ఇంకా ఎండ పుట్టలేదు.

మర్నాడు ఫోను చెయ్యకుండా వెళ్లాం. ఈసారి బండి చల్లగా ఉంది. రెండో తిప్పుకి అందుకుంది. మేస్త్రి సైలెన్సరు వెనక గొంతుక్కూర్చుని పొగ చదివాడు. నల్లపొగైతే డీజిలు ఎక్కువ, గాలి తక్కువ. నీలమైతే ఇంజను ఆయిలు తాగుతోంది. తెల్లపొగ ఎంతకీ ఆగకపోతే కూలెంటు లోపలికి దిగుతోందేమో చూసుకోవాలి. ఇక్కడ కాసేపు నల్లగా వచ్చి తగ్గింది. తర్వాత ఇంజను నడుస్తుండగానే ఆయిలు పోసే మూత విప్పి, దాన్నే బోర్లించి రంధ్రం మీద ఊరికే పెట్టాడు. లోపల పిస్టను రింగులు అరిగితే ఆ గాలికి మూత ఎగిరి పడుతుందట. మూత సన్నగా వణికింది గాని పడలేదు.

శాసనం దొరికింది ఆ తర్వాతే. డ్రైవరు తలుపు తెరిచి, దాని పక్క కమ్మీ మీది దుమ్ము మేస్త్రి తువ్వాలుతో తుడిచాడు. కింద చిన్న చీటీ, బాల్‌పెన్ను రాత: ‘ఆయిల్ 1,86,400. మళ్లీ 1,96,400.’ మూడు నెలల కిందటి తేదీ. దాని కిందొక చీటీ, దాని కిందింకోటి; పొరలు పొరలుగా, పదేసి వేల తేడాలో.

మాకు అయిదారు కిలోమీటర్ల దూరంలో ద్రాక్షారామం. భీమేశ్వరుడి గుళ్లో వందల శాసనాలున్నాయి. రాజుల్ని కవులు ఎంతైనా పొగడనీ, ఏ తేదీన ఎవరు ఏ దీపానికి ఎన్ని గొర్రెలిచ్చారో రాయి మాత్రమే చెబుతుంది. మీటరు వెనక్కి తిప్పినవాడు స్తంభం తుడవడం మరిచిపోయాడు.

శంక: లక్షా ఎనభై ఏడు వేలు తిరిగిందని రుజువయ్యాక బండి వదిలెయ్యాలి కదా?

సమాధానము: నేనూ అదే అన్నాను. మేస్త్రి ఒప్పుకోలేదు. “అబద్ధం చెప్పింది బ్రోకరండీ, బండి కాదు. ఎవరో మహానుభావుడు పదివేలకోసారి తప్పకుండా ఆయిలు మార్చాడు. ఇలాంటిది మళ్లీ దొరకదు. చీటీ చూపించి రేటు తగ్గించమనండి.” చూపించాం. బ్రోకరు చీటీ వైపు చూశాడు, మేస్త్రి వైపు చూశాడు, మారుమాట లేకుండా తగ్గించాడు. శాసనప్రమాణం ముందు ఏ కవైనా అంతే.

ఉత్తరభాగము: కర్మకాండ

కొన్నాక చెయ్యవలసిన పనుల్ని మీమాంసకుల పద్ధతిలోనే విభజించుకున్నాం.

నిత్యకర్మ: పొద్దున్నే ఆయిలు పుల్ల తీసి మట్టం చూడటం, కూలెంటు చూడటం. స్టార్టు చెయ్యగానే రంకెలు వేయించకపోవడం. దూరం నుంచి వచ్చాక ఒక్క నిమిషం ఊరికే నడవనిచ్చి అప్పుడు ఆపడం. కాలి ఉన్న టర్బోకి ఆ నిమిషం ఆయిలే చన్నీళ్లు.

నైమిత్తికం: పదివేలకోసారి ఆయిలు, ఫిల్టర్లు. మాది కాలవగట్ల దేశం, గాల్లోనే నీళ్లుంటాయి గనక డీజిలు ఫిల్టరు కిందచేరిన నీటిని వదిలెయ్యడం. కారు టైర్లో ఒత్తిడి రెండు బార్లు. ఇంజెక్టరు దగ్గర వెయ్యికి పైమాటే. అక్కడికి నీటిచుక్క పోతే వైద్యం ఖరీదు. కోతల రోజుల్లో రోడ్డు మీద ఆరబోసిన గడ్డి కిందిభాగంలో చుట్టుకుంటే లాగెయ్యడం. చేలు కోశాక ఊళ్లోకొచ్చిన ఎలుకలు వైర్లు కొరక్కుండా బానెట్టు ఎత్తి చూడటం. కొబ్బరిచెట్టు నీడ ఎంత చల్లనైనా ఆ కింద పెట్టకపోవడం.

కామ్యం: సీటు కవర్లు, పాటల పెట్టె, అల్లాయ్ చక్రాలు. కోరిక ఉన్నవాడికే, చెయ్యకపోతే పాపం లేదు. యానాం వెళ్లి డీజిలు కొట్టించడమూ ఈ కోవలోదే. పుదుచ్చేరి పన్ను కాబట్టి అక్కడ చవకే. అటు పనుండి వెళితే లాభం. డీజిలు కోసమే వెళితే రానూ పోనూ మూడు లీటర్లు ఆ లాభంలోంచే పోతాయి.

ప్రాయశ్చిత్తం: క్లచ్చి ప్లేటు, సస్పెన్షను బుష్షులు, బ్యాటరీ. ‘రూపాయి ఖర్చు లేదు’ అన్న పాదానికి సంపూర్ణార్థం ఈ ఘట్టంలోనే బోధపడింది. అయినా వయసుకు తగ్గ ఖర్చే.

ఫలశ్రుతి

పొగను జూచి చదువు పొరలోని మర్మమ్ము
మీటరాడు మాట మిథ్య యనుచు;
నూనె మార్చువాని నూరేళ్లు మోయును;
పాత కారు కన్న బంధువెవడు!

తాత్పర్యము

కావ్యమైనా కారైనా పాతబడటం దోషం కాదు. వ్యాఖ్య లేకుండా పాతబడటమే దోషం. ఎంత దూరం నడిచిందన్నది కాదు, నడిచినంత దూరం ఎవరైనా పక్కనుండి చూసుకున్నారా అన్నది ప్రశ్న.

మొన్న మొదటిసారి ఆయిలు మార్పించాను. మీటరు 81,400 దగ్గరుంది. మేస్త్రి కొత్త చీటీ మీద ఏం రాయాలో తెలియక పెన్ను పట్టుకుని నా వైపు చూశాడు. రెండూ రాయమన్నాను. పైన మీటరు అంకె, కింద దానికి లక్షా పదిహేను వేలు కలిపి 1,96,400. మూలం, పాఠాంతరం. అంటించేముందు పాతచీటీలు గోకెయ్యబోయాడు.

“వాటినుంచండి,” అన్నాను. “పూర్వవ్యాఖ్యాత.”

మేస్త్రికి ఆ మాట అర్థమైందో లేదో గాని, కొత్తచీటీని వాటి పక్కన, అంచు తగలకుండా అంటించాడు.