చున్నీ బాబాయిగారు

మా అపార్ట్‌మెంటు ఐదో అంతస్తు బాబాయిగారికి తల్లిదండ్రులు పెట్టిన పేరొకటి ఉంది గానీ, అది కరెంటు బిల్లు మీద తప్ప ఎక్కడా కనపడదు. చున్నీ బాబాయిగారంటే కొరియర్ కుర్రాడు కూడా తిన్నగా వెళ్లి ఆ తలుపే కొడతాడు. నీటిపారుదల శాఖలో గుమాస్తాగా చేరి సూపరింటెండెంటుగా దిగారు. ఉద్యోగం చేసినన్నాళ్లూ ఒక్క గేటూ ఎత్తలేదు, దించలేదు. రిటైరయ్యాక మాత్రం మా గేటును పూర్తిగా స్వాధీనం చేసుకున్నారు.

పొద్దున్న ఏడు నుంచి తొమ్మిదిన్నర దాకా లిఫ్టుకెదురుగా వాచ్‌మన్ కుర్చీలో ఆయనుంటారు, వాచ్‌మన్ మెట్ల మీదుంటాడు. బాబాయిగారి చేతిలో పేపరుంటుంది గానీ పేజీ తిరగదు. కాలేజీ బస్సులూ ఆఫీసు క్యాబులూ వచ్చే వేళ కదా, చదవాల్సింది వేరే ఉంటుంది. నోరెత్తి ఎవర్నీ తిట్టరు, పెద్దమనిషి. దగ్గుతారంతే. చేతుల్లేని జాకెట్టుకి ఒక దగ్గు, మోకాలు దాటని గౌనుకి రెండు. క్రాప్ టాపు గనక లిఫ్టులోంచి దిగిందా, ‘హరి హరీ’ అని పేపరు మొహానికి అడ్డం పెట్టుకుంటారు. ఆ పేపరు పైఅంచు మీదుగా కళ్లజోడు మాత్రం మెరుస్తూనే ఉంటుంది. అదే సమయంలో రెండో అంతస్తు కుర్రాడు చంకల నుంచి నడుందాకా తెరుచుకుపోయిన బనీనూ, తొడల్లో సగానికొచ్చే నిక్కరూ వేసుకుని జిమ్ముకి బయల్దేరతాడు. ‘ఏరా, కండ బాగా పట్టిందే!’ అని వీపు తడతారు. ఆ వేళ దగ్గు రాదు.

ఆయన కొలమానం ఒక్కటే, చున్నీ ఉందా, లేదా. దాన్ని ఎక్కడ వేసుకున్నారన్నది ఆయనకి పట్టదు. మెడకి చుట్టుకున్నా, ఒక భుజాన వేలాడేసుకున్నా, స్కూటీ మీద దుమ్ముకి మొహానికి బిగించినా పాసే. ఈ కిటుకు కనిపెట్టిన మూడో అంతస్తు అమ్మాయి తన బ్యాగు పిడికి ఒక నల్ల చున్నీ శాశ్వతంగా ముడేసి పెట్టింది. లిఫ్టు తలుపు తెరుచుకోగానే అది భుజమెక్కుతుంది, గేటు దాటగానే మళ్లీ బ్యాగుకి దిగుతుంది. ఆ పిల్ల జీన్సుకీ, చొక్కాకీ, ఒకసారి వానాకాలంలో రెయిన్‌కోటుకీ అదే చున్నీ. బాబాయిగారి దృష్టిలో మా బ్లాకు మొత్తానికి పద్ధతైన పిల్ల ఆ అమ్మాయే.

ఈ చున్నీ మీద మమకారం పుట్టుకతో వచ్చిందేం కాదు. తొంభైల్లో వాళ్లమ్మాయి ఇంటర్లో చేరుతూ చుడీదారు అడిగితే ఇల్లు అదిరిపోయిందని పిన్నిగారు చెబుతారు. ‘నిక్షేపంలాంటి లంగా ఓణీ ఉండగా పంజాబు వాళ్ల బట్టలు మనకేం ఖర్మ?’ అన్నది ఆనాటి ఆయన వాదన. సిటీబస్సు ఫుట్‌బోర్డు మీద ఓణీ కొంగు ఇరుక్కుని పిల్ల పడబోయిన రోజున పిన్నిగారు ఆయన్నడక్కుండా రెండు జతలు కుట్టించేశారు. ఇవాళ అదే నోటితో, జీన్సు వేసుకున్న పిల్లల్ని ఆపి, ‘హాయిగా చుడీదారు వేసుకోవచ్చు కదమ్మా, మన సంప్రదాయం!’ అంటారు. ఇంకా వెనక్కెళితే, ఆయన చెల్లెలు నైలాన్ ఓణీ కట్టిన రోజున వాళ్ల నాన్నగారు రాత్రి భోజనం మానేశారట. డెబ్భైల్లో గుంటూరులో డిగ్రీ చదువుతున్న ఈయనగారి బెల్ బాటం చూసి ఆయన మధ్యాహ్నం భోజనం కూడా మానేశారు. అది మామూలు బెల్ బాటం కాదు. నేలకి రాసుకుని అంచు చిరక్కుండా అడుగున చుట్టూ జిప్పు కుట్టించుకునేవారు. ‘వీధి ఎటూ ఊడుస్తున్నావు, మునిసిపాలిటీ వాళ్లు జీతమేమైనా ఇస్తారేమో కనుక్కోరా’ అన్నారట నాన్నగారు. ఆ ఫోటో అడిగితే బాబాయిగారు ఆల్బం వరదల్లో పోయిందంటారు. పిన్నిగారు బీరువాలోంచి తీసి చూపిస్తారు.

తిరుమలలో మూడు వందల రూపాయల దర్శనానికీ, కల్యాణోత్సవానికీ మగవాళ్లు పంచె, కండువా గానీ కుర్తా, పైజమా గానీ వేసుకోవాలి. ఆడవాళ్లు చీరో, లంగా ఓణీయో, చున్నీతో చుడీదారో వేసుకు రావాలి. ఈ నియమంలో ‘చున్నీతో’ అన్నచోట ఆయనకి గొంతు పూడుకుపోతుంది. తన వాదన మీద సాక్షాత్తూ శ్రీవారి ముద్ర పడ్డట్టే లెక్క. కాకపోతే ఆ లెక్కన తానూ పంచెలోకో పైజమాలోకో మారాలి. ప్యాంటూ లుంగీ తప్ప ఎరగని మనిషి. నడుం దగ్గర అంటించుకునే, సెల్‌ఫోనుకి జేబు కూడా ఉన్న రెడీమేడ్ పంచె కొనుక్కెళ్లారు. క్యూలో ఆ అంటింపు చర్రుమన్నప్పుడల్లా పిన్నిగారు గట్టిగా గోవిందా అన్నారట.

తరవాత యాత్రా బస్సులో తిరువనంతపురం వెళ్లారు. తిరుమలలో చెల్లిన చుడీదారు అనంతపద్మనాభుడి గుడి ముందు చెల్లలేదు. దాని మీదుగా పంచె చుట్టుకుంటే తప్ప కూతుర్ని లోపలికి పంపలేదు. 2016లో ఆలయ అధికారి ఒకరు చుడీదారుకి అనుమతిచ్చారు గానీ, ఆ నిర్ణయం గుడి ప్రధాన అర్చకుడైన తంత్రిది తప్ప ఆయనది కాదని ఆ డిసెంబరులోనే కేరళ హైకోర్టు తేల్చేసింది. అదలా ఉంచి, అక్కడ మగవాళ్లు చొక్కా, బనీను విప్పేయాలి. ఊళ్లో పిల్లల భుజాలు కనపడితే దగ్గే మనిషి వందలాది ఆడవాళ్ల మధ్య బోర్లించిన బిందెలాంటి బొజ్జతో గంటసేపు నిలబడ్డారు. ఎవరూ దగ్గలేదు.

ఒకప్పుడు ఆ గుడి ఉన్న తిరువాన్కూరు రాజ్యంలోనే నాడార్ స్త్రీలు రొమ్ము కప్పుకునే హక్కు కోసం దశాబ్దాలు కొట్లాడారు. 1859లో గానీ ఒప్పుకుంటూ ప్రకటన రాలేదు. అదీ పైకులాల ఆడవాళ్లలాగా కప్పుకోకూడదన్న షరతుతో. ఈ సంగతి చెబితే బాబాయిగారు కాసేపు ఆలోచించి, ‘అప్పట్లో చున్నీలు లేవు కదా పాపం’ అన్నారు.

ఆయన జీవితంలో పెద్ద ఓటమి నైటీ విషయంలో జరిగింది. 2018లో పశ్చిమ గోదావరి జిల్లా తోకలపల్లిలో ఊరి పెద్దలు ఒక కట్టుబాటు పెట్టారు. పొద్దున్న ఏడు నుంచి సాయంత్రం ఏడు దాకా ఆడవాళ్లు నైటీలో వీధిలోకొస్తే 2,000 రూపాయల జరిమానా, పట్టిచ్చినవాళ్లకి 1,000 బహుమానం. అధికారులు ఊళ్లోకొచ్చి విచారించేదాకా వెళ్లిందది. బాబాయిగారు ఆ వార్త కత్తిరించి, లామినేషన్ చేయించి, ఆదివారం సెల్లారులో జరిగిన అసోసియేషన్ మీటింగులో చదివి వినిపించారు. మనమూ పెడదామన్నారు. సరిగ్గా అప్పుడే పిన్నిగారు బీపీ మాత్ర, గ్లాసుతో నీళ్లు పట్టుకుని మెట్లు దిగారు. పువ్వుల నైటీ, మీద తువ్వాలు. సంగతంతా విని, ‘సరే, పెట్టండి. మీరే నన్ను పట్టిచ్చి వెయ్యి తెచ్చుకోండి. నేను కట్టాల్సిన రెండు వేలూ మీ పెన్షన్లోంచే కదా ఇచ్చేది. ఇంటికి వెయ్యి నష్టం, అంతేగా!’ అన్నారు. కోశాధికారి మినిట్స్ పుస్తకం మూసేశాడు.

నైటీ గురించి నా అభిప్రాయం కూడా ఇక్కడే చెప్పేస్తాను. మా కాలనీలో నైటీ మీద తువ్వాలో చున్నీయో పడితే అది నిండు యూనిఫాం. పాలప్యాకెట్‌కీ, కూరల బండికీ, స్కూలు బస్సుకీ, తరచుగా ఏటీఎంకీ చెల్లుతుంది. మెడ నుంచి మడమ దాకా అంత నిండుగా కప్పే గుడ్డ మన ఆడవాళ్లకి మరొకటి లేదు. చీరలో కనపడే నడుం కూడా అందులో కనపడదు. అయినా ఆయనకి పడదు. ఒళ్లు కనపడ్డమే ఆయన బాధైతే నైటీకి సన్మానం చెయ్యాలి. ఆడమనిషి పొద్దున్నే ఇస్త్రీ లేకుండా, పిన్నులు గుచ్చుకోకుండా, కుచ్చిళ్లు సర్దుకోకుండా వీధిలో హాయిగా నిలబడి వంకాయలు బేరమాడుతోందే, ఆ హాయి ఆయనకి మింగుడుపడదు.

డల్లాస్ నుంచి మనవరాలు సెలవులకొచ్చినప్పుడు ఇంకో వేడుక. మోకాళ్ల దగ్గర చిరుగులున్న దాని జీన్సుని రాత్రికి రాత్రి తీసుకెళ్లి, సందు చివర ఫాల్స్, పీకో కుట్టే టైలరు దగ్గర అతుకులు వేయించారు. దేంతోననుకున్నారు? తన పాత సఫారీ సూటు ముక్కలతో. పిల్ల గొల్లుమంటుందనుకున్నాం. అది అద్దంలో చూసుకుని, ‘తాతయ్యా, సూపర్!’ అని ఫోటో తీసి స్నేహితులకి పంపింది. వాళ్లందరికీ అలాంటి అతుకులే కావాలట. మిగిలిన సఫారీ మొత్తం మోకాళ్లకే ఖర్చయింది. చిరిగిన ప్యాంటు ఫ్యాషన్‌ని ఆపబోయి, ఇంకో ఫ్యాషన్‌ని ఎగుమతి చేసిన ఘనత మా బాబాయిగారిది.

మొన్న మాఘమాసంలో బావమరిది కొడుకు పెళ్లి పిలుపు వాట్సాప్‌లో వచ్చింది. అందులో ‘డ్రెస్ కోడ్’ అన్న మాట చూసి ఆయన పొంగిపోయారు. ‘చూశారా, కుర్రాళ్లకి కూడా బుద్ధొచ్చింది!’ అని లిఫ్టులో అందరికీ చూపించారు. కళ్లజోడు తుడుచుకుని కింద చదివితే హల్దీకి అందరూ పసుపు, మెహందీకి ఆకుపచ్చ, సంగీత్‌కి లేత గులాబీ, మగవాళ్లు కూడా. నలుగు పెట్టి పెళ్లికొడుకుని చేసే కార్యక్రమానికి ఇంత హంగామానా అని కాసేపు గొణిగారు. కానీ నియమం నియమమే కదా, ఎవరికైనా ఒకటే కదా. లేతగులాబీ కుర్తా సెట్టు ఆన్‌లైన్లో తెప్పించారు. పెట్టెలో కుర్తా ఉంది, పైజమా ఉంది, వాటితోపాటు జరీ అంచున్న గులాబీ చున్నీ కూడా ఉంది. ఇది ఉత్తరీయమని మా అందరికీ విడివిడిగా నచ్చజెప్పి, దాన్ని రెండు భుజాల మీదుగా సర్దుకుని, సంగీత్‌లో మొదటి వరసలో కూర్చున్నారు.

మీ అపార్ట్‌మెంట్లోనూ ఇలాంటి బాబాయిగారు ఒకరుండే ఉంటారు. దయచేసి ఆయనతో వాదనకి దిగకండి, బీపీ మనిషి. మీ పిల్లల బట్టలు మీ పిల్లల్నే ఎంచుకోనివ్వండి. ఆయన సంగతికి ఓ పదేళ్లు ఆగండి చాలు. ఇవాళ మొహం చిట్లించిన జీన్సునే అప్పటికి మన సంప్రదాయమని, దాన్ని వదిలేసిన పిల్లలకి జరిమానా వెయ్యాలని అసోసియేషన్లో ఆయనే తీర్మానం పెడతారు.