డుంబ్రిగుడ పికప్పు పద్యానికి టీకా తాత్పర్యం

అవతారిక. కాళిదాసుకు వ్యాఖ్యానం రాసిన కోలాచల మల్లినాథసూరి మూలంలో లేనిది రాయననీ, అక్కరలేనిది చెప్పననీ ముందే మాట ఇచ్చాడు. రెండో మాట ఇచ్చే ధైర్యం మాకు లేదు. మొదటిదానికీ చిక్కే వచ్చింది. డుంబ్రిగుడ పికప్పుల మీద ఏ మహాకవీ కావ్యం రాసిపెట్టలేదు కనుక మూలం కూడా మేమే అల్లుకోవలసి వచ్చింది. ఛందస్సు ఆటవెలది. యతులు సరిచూసుకోవచ్చు.

కొండ రోడ్డు మీద కోసు లెక్కింపకు
గంట లెక్క గట్టు గాభరేల
నల్లబడ్డ నూనె నాణెమెంచగబోకు
పుల్ల చూడు పొద్దు పొడుచు వేళ

ప్రతిపదార్థం. కొండ రోడ్డు మీద = డుంబ్రిగుడలో బయలుదేరి అరకు, సుంకరమెట్ట, గాలికొండ, అనంతగిరి, టైడా దాటి శృంగవరపుకోటకు దిగే దారిలో; కోసు = కిలోమీటరును (కవి పాతకాలపు మనిషి); లెక్కింపకు = నమ్ముకోకు; గంట = ఇంజను తిరిగిన గంటల; లెక్క గట్టు = పద్దు రాసుకో; గాభర ఏల = షెడ్డువాడు భయపెడితే మాత్రం భయమెందుకు; నల్లబడ్డ నూనె = వాడకంలో ఉన్న డీజిలు ఇంజను ఆయిలుకు; నాణెము ఎంచగబోకు = మంచిచెడ్డలు తేల్చకు (‘రంగు చూసి’ అని అధ్యాహారం); పుల్ల = ఆయిలు గేజును; పొద్దు పొడుచు వేళ = ఇంజను చల్లగా ఉండగా; చూడు = తీసి, తుడిచి, మళ్లీ దింపి, మళ్లీ తీసి చూడు. కవి ‘చూడు’ అన్న ఒక్క క్రియలో నాలుగు పనులు ఇమిడ్చాడు. మొదటి మూడూ చేయకుండా నాలుగోది చేసేవారే ఎక్కువ.

తాత్పర్యం. ఘాటులో తిరిగే బండికి ఆయిలు మార్చే గడువును మీటరు చెప్పదు, ఇంజను పడిన కష్టమే చెబుతుంది. రంగును చూసి కంగారు పడకూడదు, మట్టాన్ని చూడకుండా బండి తీయకూడదు.

మొదటి పాదం మీద విశేషాలు. బండితో వచ్చిన పుస్తకం పదివేల కిలోమీటర్లకోసారి మార్చమంది అనుకుందాం. మైదానంలో సగటున గంటకు 40 కిలోమీటర్లు పోయే బండికి అది 250 గంటల పని. రాజ్‌మా, పసుపు బస్తాలు నింపుకుని ఘాటులో సగటున 20తో పాకే బండికి అవే పదివేలు 500 గంటలు. మీటరు ఒక్కటే, ఇంజను రెండు జన్మలెత్తింది. ఎక్కేటప్పుడు రెండో గేరులో రొప్పుతుంది. దిగేటప్పుడు అదే రెండో గేరులో బండిని వెనక్కి పట్టి ఉంచుతుంది. అప్పుడు డీజిలు ఖర్చు దాదాపు లేకపోయినా క్రాంకు, పిస్టన్లు జోరుగానే తిరుగుతాయి, వాటి మధ్య నలిగేది ఆయిలే. ఇక సంతలో సరుకు ఎక్కించేంతసేపూ ఇంజను ఆపని మహానుభావులున్నారు. బ్యాటరీ వీకు, ఆపితే మళ్లీ సెల్ఫ్ అందుకోదని వారి భయం. ఆ గంటసేపట్లో మీటరు అంగుళం కదలదు.

అందుకే పొలంలో ట్రాక్టరుకీ, రోడ్డేసే జేసీబీకీ గంటల మీటరు బిగించారు. పికప్పుకు బిగించలేదు. అయితే పుస్తకం వెనక పేజీల్లో సన్న అక్షరాలతో ఒక మాట ఉంటుంది: కొండ దారులు, దుమ్ము, నిండు లోడు, పొట్టి ట్రిప్పులు ఉంటే గడువు తగ్గించాలని. ఆ నాలుగూ డుంబ్రిగుడ బండి దినచర్యే. కాబట్టి గడువును సగానికి సగం తగ్గించడం కవి హృదయం. ఫిల్టరు కూడా దాంతోపాటే మార్చాలి. బండి తిరిగినా తిరక్కపోయినా ఏడాది దాటనివ్వరాదు, నిలవ ఉన్న ఆయిలుకు చెమ్మ పడుతుంది.

ఇక్కడ పూర్వపక్షం: “ఆరువేలే తిరిగింది కదా మేస్త్రీ, అప్పుడే మార్చడమేటి?” సిద్ధాంతం: “ఆరువేలు తిరిగింది నీ చక్రాలు బాబూ, ఇంజను కాదు.”

ఏ ఆయిలు? పద్యం ఈ విషయంలో మౌనం వహించింది గనుక డబ్బానే ఉపమూలంగా తీసుకుందాం. సెర్వో అయినా, మ్యాక్ అయినా, సీఆర్‌బీ అయినా డబ్బా మీద ‘15డబ్ల్యూ-40’ అనే బీజాక్షరాలు తరచు కనిపిస్తాయి. డబ్ల్యూ అంటే చలికాలం. 15డబ్ల్యూ ఆయిలు సున్నాకు కింద 20 డిగ్రీల చలిలోనూ ఇంజను తిరగడానికి అడ్డుపడకూడదని ప్రమాణం. డుంబ్రిగుడలో ఐదు డిగ్రీలకు దిగితేనే మర్నాడు పేపర్లో చలిమంట ఫోటో పడుతుంది. కాబట్టి మొదటి అంకె దగ్గర మనకు బెంగ లేదు. రెండోది ముఖ్యం. 40 అంటే వంద డిగ్రీల వేడిలో ఆయిలు చిక్కదనం 12.5 నుంచి 16.3 సెంటీస్టోకుల మధ్య నిలవాలి. గాలికొండ ఎత్తు ఎక్కేటప్పుడు ఇంజనును కాపాడేది ఈ చిక్కదనమే.

ఆక్షేపణ: మరి 50 పోస్తే ఇంకా చిక్కన, ఇంకా మేలు కదా? కాదు. బేరింగుల సందులు ఎంత ఉండాలో కంపెనీ ముందే కొలిచి పెట్టింది. అంతకంటే చిక్కటిది పోస్తే తెల్లవారుజామున పైభాగానికి చేరడానికి ఆలస్యం, డీజిలు దండగ. పుస్తకం ఒప్పుకుంటే తప్ప 50 జోలికి పోరాదు.

అంకెల కన్నా అక్షరాలు మరీ గడ్డువి. సీఐ-4 అనేది 2002 నాటి తరగతి, సీకే-4 2016 చివర వచ్చింది. 2020 ఏప్రిల్ నుంచి అమ్మిన బీఎస్-6 బండ్లలో పొగగొట్టానికి మసి పట్టే ఫిల్టరు ఉన్నవి అనేకం. మసిని ఆ ఫిల్టరు కాల్చేస్తుంది గానీ, ఆయిల్లో కలిపిన మందుల బూడిదను కాల్చలేదు, అది మిగిలిపోయి పూడుకుంటుంది. సీకే-4లో ఆ బూడిద ఒక శాతం మించరాదని నియమం. కొన్ని ఇంజన్లు అంతకంటే తక్కువ బూడిదది అడుగుతాయి. పాత మ్యాక్స్ బండికి మిగిలిన సీఐ-4 లీటరును కొత్త బండిలో పోసి పొదుపు చేశామనుకోవడం పొదుపు కాదు, ఆ ఫిల్టరు ధర అడిగి చూడండి.

మూడో పాదం. డీజిలు ఇంజన్లో ఆయిలు కొత్తగా పోసిన కొద్ది రోజులకే నల్లబడుతుంది. మసిని గడ్డకట్టనివ్వకుండా తనలో తేలగొట్టుకుని మోయడమే దాని ఉద్యోగం, ఆ నలుపు ఉద్యోగం చేస్తున్నదనడానికి గుర్తు. వేళ్ల మధ్య రుద్ది “చచ్చిపోయింది గురూ” అనే పరీక్షకు శాస్త్రంలో ప్రమాణం లేదు. ఇసుక రజను తగిలితే మాత్రం వినాలి. రంగు చూసి నిజంగా భయపడవలసిన ఘట్టం ఒక్కటే, ఆయిలు పాలు కలిపిన అరకు కాఫీలా కనిపించడం. అంటే లోపలికి నీళ్లు చేరాయని, బండి కదపకూడదని.

నాలుగో పాదం. ‘పొద్దు గడచు వేళ’ అని పాఠాంతరం చెప్పేవారున్నారు, అంగీకరించము. సాయంత్రం అప్పుడే ఆపిన ఇంజన్లో ఆయిలు ఇంకా పైనే ఉంటుంది, పుల్ల తక్కువ చూపిస్తుంది, యజమాని మరో అర లీటరు పోస్తాడు, ఎక్కువైన ఆయిలును క్రాంకు చిలికి నురగ చేస్తుంది. ఆ పాఠంలో యతిభంగం కూడా ఉంది. పైగా గూడెంలో వాలు మీద నిలిపిన బండికి ఏ వేళ చూసినా పుల్ల అబద్ధమే చెబుతుంది, చదునైన చోటుకు తేవాలి. పోయకుండానే మట్టం పెరిగితే సంతోషించరాదు. అరకు సంతకూ ఇంటికీ మధ్యే తిరిగే పొట్టి ట్రిప్పుల బండిలో ఆ మసి ఫిల్టరు శుద్ధి సగంలో ఆగిపోతుంటుంది. దానికోసం చిమ్మిన డీజిలు పిస్టన్ల పక్కనుంచి కిందికి జారి ఆయిల్లో కలుస్తుంది.

అనుక్తం. తీసిన నల్ల ఆయిలు సంగతి కవి చెప్పలేదు. తలుపులకు చెదపట్టకుండా పూయడం ఇక్కడ ఆచారం. షెడ్డు వెనక గుంటలో పారబోయడమూ ఆచారమే. వాన పడితే ఆ గుంట గెడ్డలోకి పోతుంది. వాడిన ఆయిలు 2016 నిబంధనల్లో ప్రమాదకర వ్యర్థం, చట్టం ప్రకారం దాన్ని శుద్ధి చేసేవారికే చేరాలి. ఖాళీ డబ్బాకు చిల్లు పొడిచి పారేయాలి, నకిలీ ఆయిలు నింపేవాడికి అసలు డబ్బా దొరకకుండా. పాత ఆయిలును వేరే డబ్బాలో పట్టి మూత బిగించి, అధీకృతంగా సేకరించేవాడు ఎవరో షెడ్డులో అడిగి ఇవ్వాలి.