బల్ల కాలు పట్టుకున్నాను

తిరుపతిలో కొయ్యముక్క చేతబట్టుకుని వీధిలోకి రావాలంటే గుండె దిటవుగా ఉండాలి. వేరే ఊళ్ళలో కొయ్య అంటే కొయ్యే. ఇక్కడ కొయ్య కనిపిస్తే జనానికి శేషాచలం అడవి గుర్తొస్తుంది, అడవి అంటే ఎర్రచందనం, ఎర్రచందనం అంటే టాస్క్‌ఫోర్సు. తూర్పు కనుమల దక్షిణపు కొసన, ముఖ్యంగా మన చిత్తూరు, కడప, నెల్లూరు, కర్నూలు కొండల్లో తప్ప ఆ చెట్టు తనంతట తాను పెరగదు. నీళ్ళలో వేస్తే మునిగేంత బరువు. చైనావాళ్ళు దాంతో కుర్చీలూ బీరువాలూ చేయించుకుని కూర్చుంటారు. దాని పుట్టినింట్లో ఉన్న మనం మాత్రం పట్టుబడిన దుంగల ఫొటో పేపర్లో పడితే చూసుకోవాలి. అందుకే టింబర్ డిపోలో మూరెడు వేపకొయ్య కొని, స్కూటర్ ముందు నిలబెట్టుకుని అలిపిరి వైపు వస్తుంటే, సిగ్నల్ దగ్గర పక్కన ఆగిన ఆటో అబ్బాయి నన్ను ఎగాదిగా చూసి, "ఏం సార్, బిల్లు ఉండాదా?" అన్నాడు. ఉంది. జేబులో కాదు, హ్యాండిల్‌తో పాటు గుప్పిట్లోనే ఉంది.

ఆ వేపకొయ్య మా వీధి భజన మందిరం ముందున్న బల్ల కోసం. పొడుగాటి వేపబల్ల అది. ఎవరు చేయించారని ఎవర్నడిగినా మా తాతే అంటారు. పొద్దున్నే అలిపిరి పాదాల మండపం దాకా నడిచొచ్చినవాళ్ళు దాని మీద కూర్చుని షుగరు అంకెలు చెప్పుకుంటారు. మధ్యాహ్నం ఆటోవాళ్ళు కునుకు తీస్తారు. సాయంత్రం భజనకు ముందు పెద్దవాళ్ళు రెండు మూడు ప్రభుత్వాలను దించేస్తారు. పెరటాసి నెల వచ్చిందా, తమిళనాడు నుంచి పసుపు బట్టలు కట్టుకుని నడిచొచ్చే భక్తులు, ఇంకా 3,550 మెట్లు మిగిలే ఉన్నాయని ఎవరో చెప్పగానే దాని మీదే కూలబడతారు.

ఇంతమందిని మోసే బల్లకు నాలుగు కాళ్ళలో ఒకటి చాలాకాలంగా పేరుకే ఉంది. ఎవరైనా ఆ కొసకు జరిగితే టక్. ఇటు జరిగితే ఇంకో టక్. భజనలో తాళం తప్పేవాళ్ళు ఈ టక్కుల్ని బట్టి సర్దుకునేవారని ఒక వదంతి. కాలి కింద మొదట పెళ్ళి శుభలేఖ మడిచిపెట్టారు. ఆ తరువాత పెంకు ముక్క, ఆ పైన గ్రానైటు ముక్క. శుభలేఖలోని దంపతులకు మనవళ్ళు పుట్టారు గానీ కాలు కుదురుకోలేదు.

వడ్రంగి లేక కాదు. మా ఆచారి మంచి పనివాడు. అడిగినప్పుడల్లా "అదెంత పని సార్, రేపొస్తా" అంటాడు. ఆయన తప్పు నాకేమీ కనబడదు. ఊరి చుట్టూ అపార్టుమెంట్లు లేస్తున్నాయి, ప్రతి వంటింటికీ ప్లైవుడ్ అరలు కావాలి, ఒక్కో ఫ్లాటులో నెల పని. అది వదిలేసి ఒక కాలు కోసం ఎవరొస్తారు? ఒక కాలుకు ఎంత అడగాలో కూడా ఆయనకు తోచదు. ఎక్కువ అడిగితే దేవుడి దగ్గర దోపిడీ, తక్కువ అడిగితే పెట్రోలుకు చాలదు.

చివరికి ఒకనాడు బల్ల మా కోశాధికారినే పడేసింది. అంతదాకా వచ్చాక మీటింగు పెట్టారు. ఆ మీటింగులో నా నోరు ఊరుకోక, "దాందేముంది, యూట్యూబులో చూసి ఎవరైనా చేసేయొచ్చు" అంది. నోరే అంది, నేను అనలేదు. వీధి వీధంతా నా వైపు తిరిగింది. తీర్మానం పుస్తకంలో నా పేరు ఎక్కింది. ఇంటికొచ్చి చెబితే మా ఆవిడ చాలాసేపు మాట్లాడలేదు. "పటం తగిలించడానికి మొల కొట్టమంటే సింకు పైపులో కొట్టిన మనిషికి దేవుడి బల్ల అప్పగించారా? ఎంత నమ్మకమండీ ఆ దేవుడి మీద వాళ్ళకు!" అంది తరువాత.

రంపం, ఉలి, సుత్తి, చిత్రిక, మూలమట్టం, ఉప్పు కాగితం, అన్నీ కొత్తవే కొన్నాను. కొన్నాక గానీ తట్టలేదు, ఆడలేక మద్దెల ఓడు అనే వెసులుబాటును డబ్బులిచ్చి మరీ పోగొట్టుకున్నానని. రాత్రిళ్ళు వీడియోలు చూశాను. వాటిలో గడ్డపాయన ఎవరో ఒంటరిగా షెడ్డులో ఈల వేసుకుంటూ పనిచేస్తాడు. ఆయనకు ప్రేక్షకులు నెట్టులో ఉన్నారు. నాకు ఎదురుగా ఉన్నారు, కుర్చీలు తెచ్చుకుని.

పనిముట్లు ముట్టకముందే ఎదురింటి పెద్దమ్మ వాటికి పసుపూ కుంకుమా పెట్టింది. "ఆయుధపూజ ఇప్పుడు కాదు కదా పెద్దమ్మా" అన్నాను. "నువ్వు చేయబోతుండావు కదా నాయినా, అందుకే" అంది. బల్లకూ నాలుగు బొట్లు పెట్టి, నా వేలికి కూడా ఒకటి పెట్టింది. ఎందుకైనా మంచిదట.

పని మొదలెట్టేలోపు మూడో ఇంటి మాస్టారు అడ్డం వచ్చారు. కాలేజీలో లెక్కలు చెప్పి రిటైరైన మనిషి. "ఉలి కింద పెట్టు, దీనికి సిద్ధాంతం ఉంది" అన్నారు. నిజంగానే ఉందట. మూడు కాళ్ళ పీట ఎక్కడ పెట్టినా ఊగదు. మూడు బిందువులు ఎప్పుడూ ఒకే సమతలంలో ఉంటాయి గనక. నాలుగోదానితోనే వస్తుంది తంటా. అయితే కాళ్ళన్నీ సమానంగా ఉండి, నేల ఎగుడుదిగుడైనా మెట్టు లేకుండా ఉంటే, బల్లను ఉన్నచోటే తిప్పుతూ పోతే ఎక్కడో ఒకచోట నాలుగు కాళ్ళూ నేలకు ఆనితీరాలి. దీన్ని గణితజ్ఞులు నిరూపించారు కూడా. ఇంకేం, నలుగురు కుర్రాళ్ళు నాలుగు మూలలా పట్టుకున్నారు. మాస్టారు "ఇంకొంచెం, ఇంకొంచెం" అంటూ గడియారం ముల్లు తిరిగే దిశలో నడిపించారు. ఒకచోట బల్ల నిజంగానే కుదురుకుంది. టక్ లేదు. చప్పట్లు మోగాయి. తీరా చూస్తే దాని ఒక కొస మందిరం గడపకు అడ్డంగా, రెండో కొస రోడ్డు మధ్యలో ఉంది. పాలవ్యాను హారన్ కొట్టింది. మాస్టారు ఇంకాసేపు ఆలోచించి, "కాలు బెజ్జంలోనే వదులైంది కాబట్టి సిద్ధాంతం వర్తించదు" అని తీర్పు చెప్పి కాఫీకి వెళ్ళిపోయారు.

బల్లను తిరగేశాక అసలు సంగతి తెలిసింది. కాలి పైకొసను సన్నగా చెక్కి, బల్లచెక్కలో తొలిచిన బెజ్జంలోకి దూర్చి బిగించారు పూర్వం. ఒక్క మొల లేదు. కొయ్య పొడుగునా పెద్దగా మారదు గానీ అడ్డంగా మాత్రం ఎండకు ముడుచుకుంటుంది, తేమకు ఉబ్బుతుంది. మే నెలలో మా ఊరి ఎండ దాన్ని పిండుతుంది, అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఈశాన్య రుతుపవనాల వాన ఉబ్బిస్తుంది. ఏళ్ళతరబడి అట్లా ముడిచి ఉబ్బించేసరికి బిగువు పోయింది. పోయినప్పుడల్లా ఎవరో ఒక పుణ్యాత్ముడు ఒక మొల కొట్టాడు. చదరపు ఒళ్ళున్న పాతకాలపు ఇనుప మొల, గుండ్రటి తీగ మొల, సగం దిగిన స్క్రూ. స్క్రూను సుత్తితో కొట్టారు, తల చెప్తోంది. అన్నిటికన్నా పైన, మెరుస్తూ, చెప్పులకు కొట్టే బుల్లి మొల. మన పురావస్తు శాఖవాళ్ళకు చూపిస్తే ఏ పొర ఏ కమిటీ హయాంలోదో చెప్పేస్తారు. ఇన్ని మొలలు తిన్న కాలు కొస నిలువునా చీలిపోయింది. అతికే పని కాదు, కొత్త కాలు చెయ్యాల్సిందే. ఆ వేపకొయ్య ప్రయాణం అందుకే వచ్చింది.

కాలు ఊడదీయాలంటే ముందు ఆ మొలలు పీకాలి. బల్ల మీద అటూ ఇటూ కాళ్ళేసి కూర్చుని, సుత్తి వెనక పళ్ళతో మొల తల పట్టుకుని లాగుతున్నాను. పెద్దాయన ఒకరు దగ్గరికొచ్చి నిలబడ్డారు. ఆయన చేతిలో ఎప్పుడూ ఒక కర్ర ఉంటుంది. 2023లో నడకదారిలో చిరుతల భయం ఎక్కువైనప్పుడు టీటీడీ భక్తులకు అలిపిరిలో చేతికర్రలు ఇచ్చి, పైన నరసింహస్వామి గుడి దగ్గర వెనక్కి తీసుకునేది. తన చేతిలోది అట్లాంటిదే గానీ అది కాదని ఎవరూ అడక్కుండానే ఈయన చెబుతుంటారు. ఆ కర్రతో నన్ను చూపించి, "పంచతంత్రంలో మిత్రభేదం చదివినావా నాయినా?" అన్నారు. సగం కోసిన దుంగ మీద కూర్చుని, సందులో కొట్టిన మేకు పీకి, తోక ఇరుక్కుని చచ్చిన కోతి కథ. చదివాను. చదివినట్టు ఆ క్షణంలో గుర్తుకు రాకుంటే బాగుండేది. ప్రహరీ మీద నిజం కోతి ఒకటి పిల్లను పొట్టకు కరిపించుకుని కూర్చుని ఉంది. అలిపిరి కోతులకు భక్తులంటే భయం లేదు, ప్రసాదం తప్ప దేని మీదా ఆసక్తి లేదు. అదే కోతి వేరుశనక్కాయ వలుచుకోవడం మానేసి నన్నే చూస్తోంది. తమ వంశంలో జరిగిన పొరపాటును మనిషి జాతి ఎప్పుడు చేస్తుందా అని ఎదురుచూసినట్టుంది.

కొత్త కాలుకు కొస చెక్కేటప్పుడు మాత్రం చేతులు వణికాయి. అలిపిరి దగ్గరే టీటీడీవాళ్ళ శిల్ప శిక్షణ సంస్థ ఉంది. 1960లో పెట్టారు. రాతి శిల్పం, సుధా శిల్పం, లోహం, కొయ్య, చిత్రలేఖనం, ఒక్కోటీ నాలుగేళ్ళ చదువు. మేము ఉలిని డబ్బా మూత తెరవడానికి వాడే వీధి పక్కనే పిల్లలు దాంతో దేవుడి కనురెప్పలు దిద్దుతుంటారు. ఏర్పేడు దగ్గర మాధవమాలలో ఊరు ఊరే కొయ్య బొమ్మలు చెక్కి బతుకుతుంది. ఇంత పనితనం మధ్య నేను చిత్రిక పడుతుంటే చెక్క లేచి పెళ్ళలు పెళ్ళలుగా ఊడుతోంది. అటుగా పోతున్న కుర్రాడొకడు సైకిలాపాడు. భుజాన సంచీ, గోళ్ళలో పొట్టు. చూడగానే తెలిసింది, ఆ సంస్థ పిల్లవాడే.

"అంకుల్, ఎదురు పడతా ఉండారు. నార యెట్ల పోతా ఉంటే అట్లే పోవాల" అని, కొయ్యను నా చేతుల్లోంచి తీసి, రెండో కొస నా వైపు తిప్పి పెట్టాడు. అంతే. చిత్రిక జారిపోయింది. పొట్టు చుట్టలు చుట్టుకుంటూ వచ్చింది. కుర్చీల్లోంచి ఎవరో "అబ్బా" అన్నారు. కాలు కొస మీద నిలువుగా రంపంతో చిన్న గాటు పెట్టమన్నాడు. బెజ్జంలోకి దూర్చాక పైనుంచి ఆ గాటులో సన్నటి చెక్క చీలిక కొడితే కొస విచ్చుకుని బిగుస్తుందట. "ఆ చీలిక బల్ల నారకు అడ్డంగా ఉండాల అంకుల్. నార వెంబడి కొట్నారనుకో, కాలు బాగనే నిలబడతాది, బల్ల రెండుగా చీలతాది" అని సైకిలెక్కాడు. వీడియోలో గడ్డపాయన ఈ ముక్క చెప్పలేదు. చెప్పాడేమో, అప్పటికి నేను నిద్రపోయుంటాను.

ఫెవికాల్ పూసి, చీలిక కొట్టి, కాలు కుదిర్చి నిలబెట్టాను. ఆరేదాకా కదలకుండా పట్టి ఉంచాలి. బిగించే క్లాంపులు లేవు. పాత సైకిల్ ట్యూబు, కొబ్బరి తాడు చుట్టి, మధ్యలో కర్రముక్క దూర్చి మెలిపెట్టి బిగించాను. మర్నాటి దాకా ఎవరూ కూర్చోకూడదు. అట్టముక్క మీద "కూర్చోరాదు" అని రాసి తగిలించాను. పది నిమిషాల్లో తమిళనాడు భక్తుడొకాయన వచ్చి కూర్చోబోయారు. ఆయనకు తెలుగు రాదు. తమిళంలో రాయించాను. తరువాత కన్నడం వాళ్ళు. మా కార్యదర్శి ఊరుకుంటాడా, కొండమీద బోర్డులకు తీసిపోకూడదని హిందీ, ఇంగ్లీషు కూడా చేర్పించాడు.

ఇప్పుడు ఆలోచించండి. అలిపిరి. దోవ పక్కన భజన మందిరం. దాని ముందు పసుపు కుంకుమ బొట్లు, చుట్టూ తాళ్ళు, అయిదు భాషల్లో ప్రకటన, ఎవరూ కూర్చోని ఒక బల్ల. కొండెక్కేటప్పుడు ప్రతి మెట్టుకూ పసుపు రాసి, కర్పూరం వెలిగించే జనం వీళ్ళు. సాయంత్రం వచ్చి చూసేసరికి బల్ల ముందు ఇటుక మీద కర్పూరం వెలుగుతోంది. ఒకామె కొంగు కప్పుకుని ప్రదక్షిణం చేస్తోంది. ట్యూబు చుట్టిన కొత్త కాలు దగ్గర రూపాయి బిళ్ళలు, ఒక పదినోటు, సగం కొబ్బరిచిప్ప ఉన్నాయి. "ఇది బల్ల అమ్మా, రిపేరులో ఉంది" అని చెప్పాను. ఆమె చేతులు జోడించి, "యే రూపంలో ఉన్నా ఆయనే కద స్వామీ" అని నా కాళ్ళకు కూడా దణ్ణం పెట్టింది. కోశాధికారి చిల్లర ఏరి హుండీలో వేశాడు. నా రంపం బిల్లు చూపిస్తే, దేవుడి సొమ్ము దానికి వాడకూడదన్నాడు.

తాళ్ళు విప్పాక బల్ల మీద మొదట కూర్చోవడానికి ఎవరూ ముందుకు రాలేదు. నన్నే కూర్చోబెట్టారు. తరువాత మాస్టారు, ఆ తరువాత కర్ర పెద్దాయన, చివరికి కోశాధికారి, ముందు చేత్తో నొక్కి చూసి. టక్ లేదు. భజనలో ఆ రాత్రి ఇద్దరు తాళం తప్పారు.

ఆచారి వచ్చాడు ఒకనాడు. కబురు ఎట్లా అందిందో మరి. టీ గ్లాసు పట్టుకుని బల్ల మీద కూర్చుని అటూ ఇటూ ఊగి చూశాడు. గ్లాసు పక్కన పెట్టి, వంగి, కాలు పైకొసన బొటనవేలితో తడిమాడు. చీలిక ఎటు కొట్టానో చూశాడు. వీధి ఊపిరి బిగబట్టింది. నేను కొండ వైపు చూస్తూ నిలబడ్డాను.

"ఎవురు సార్ చేసింది?"

"నేనే."

"ఉండాది" అన్నాడు. పనివాళ్ళ దగ్గర అంతకు మించిన బిరుదు లేదని నాకు తెలుసు. కాసేపు గ్లాసులోకి చూసి, గొంతు తగ్గించి అన్నాడు: "మా ఇంట్లో మంచంకోడు ఒగటి నిండా రోజులుగా ఊగులాడతా ఉండాది సార్. మా ఆడోళ్ళు తిడతా ఉండారు. నాకు యాడ టైం చిక్కతాది? రొంత వచ్చి చూస్తారా?"

"అదెంత పని ఆచారీ," అన్నాను, "రేపొస్తా."