ఉద్యానముల పద్దు: టీకా తాత్పర్య సహితము

మూలము: 3790. ఉద్యాన వినోద శాఖ. 0001 సాధారణ నిధి. 0392 ఉద్యాన వినోద నిధి. 0263 రహదారీతర వాహన నిధి.

అవతారిక: కాలిఫోర్నియా రాష్ట్రమున ఏటేట జనవరి 10లోపల గవర్నరు సమర్పించునదియు, మే మాసమున సవరింపబడునదియు, జూన్ 15లోపల ఉభయ సభలును ఆమోదింపవలసినదియు, జూలై 1నుండి అమలునకు వచ్చునదియు నగు బడ్జెట్ అను బృహద్గ్రంథమునందు, రసము కొరవడినను అంకెలకు కొరతలేని యీ పంక్తి కలదు.

టీక: 3790 = బడ్జెట్‌లో ఈ శాఖకుగల సంఖ్య; ఉద్యాన వినోద శాఖ = 1902లో బిగ్ బేసిన్‌లోని రెడ్‌వుడ్ మహావృక్షములను గొడ్డలిపాలు గానీయక కాపాడుటతో ఆరంభమైన ఉద్యాన పరంపరను నేడు పాలించుచు, ప్రకృతి వనరుల ఏజెన్సీకి లోబడి, గవర్నరు నియమింపగా సెనేటు ఆమోదించిన డైరెక్టరు అధిపతిగాగల సంస్థ; 0001 = ఎల్ల శాఖలును చేయిచాచు పన్నుల బొక్కసము; 0392 = ప్రవేశ రుసుము, గుడారము వేసికొనువారి రుసుము, ఉద్యానములలోని అంగళ్ల అద్దె చేరుచోటు; 0263 = ఇసుక తిన్నెలపై మోటారుబండ్లు త్రోలు ఉత్సాహవంతుల ఇంధనపు పన్ను, రిజిస్ట్రేషన్ రుసుము చేరుచోటు.

అధ్యాహారము: ఈ ధనమునకు కావలివారు మూలమున చెప్పబడలేదు. పద్దు కూర్చునది ఆర్థికశాఖ. లెక్క నిలుపువాడు కంట్రోలరు. శాసనసభ్యులకు దాని గుణదోషములను విప్పిచెప్పునది 1941నుండి యున్న విశ్లేషక కార్యాలయము. తవ్వి చూచువాడు ఆడిటరు. ఉద్యానములకు నామకరణము చేయుటకును, ప్రణాళికల నామోదించుటకును కమిషను వేరుగ కలదు.

పాఠభేదము: ఇంతమంది కావలియుండగా, 2 కోట్ల 20 లక్షల డాలర్లు మిగుల్చుటకై 278 ఉద్యానములలో 70 మూయవలెనని 2011 మే మాసమున ప్రకటింపబడెను. ఉద్యానాభిమానులు చందాలు పోగుచేసి కొన్నిటిని నిలుపుకొనజొచ్చిరి. 2012 జూలైలో తేలినదేమనగా, శాఖవారు ఆర్థికశాఖకు చదివి వినిపించిన ప్రతి యొకటి, కంట్రోలరునకు పంపిన ప్రతి వేరొకటి. 0392నందు 2 కోట్లకు పైగా, 0263నందు 3 కోట్ల 30 లక్షలకు పైగా, వెరసి సుమారు 5 కోట్ల 40 లక్షల డాలర్లు రెండవ ప్రతియందు మాత్రమే కానవచ్చుచుండెను. ఈ భేదము పదేండ్లకు పైబడి యుండినను, రెండు ప్రతులను ప్రక్కప్రక్కన నుంచి చూచిన పరిష్కర్త లేకపోయెను. డైరెక్టరు పదవి విడిచిరి. రెండేండ్లవరకు ఏ ఉద్యానమును మూయరాదని శాసనము వెలువడెను.

తాత్పర్యము: కావలివారు పలువురైన కొలది, తాను చూడనిది వేరొకడు చూచియుండునని ప్రతివాడును నిశ్చింతగా నుండును. ఉభయ కార్యాలయముల నిల్వలను ఏటేట సరిచూచు గుమాస్తా యొక్కడు గొప్ప సంఘములు పదింటికంటె మేలు. ధనము లేదని ద్వారములు మూయబోవువాడు, ఏ ప్రతియందు లేదో ముందుగా విచారింపవలెనని భావము.