రేగడిలో మూడంగుళాల మడమ

నా ఎత్తు ఐదడుగులకు రెండంగుళాలు తక్కువ. ఈ సంగతి ఆదోనిలో ఎవరికీ పట్టదు, నాకు తప్ప. యాభై దాటినాక ఆ కొరత తీర్చుకోవాలని బుద్ధి పుట్టడానికి కారణం మా తోడికోడలు. ఆమె నాకంటే జానెడు పొడుగు. ఇంట్లో ఏ పెండ్లి ఆల్బం తీసినా నేను ఆమె భుజం దగ్గరే ఆగిపోయి ఉంటాను. ఈసారి పెండ్లి ఆమె కొడుకుదే. ఫోటోల్లో నా తల ఎక్కడుండాలో నేనే తేల్చుకోవాలనుకున్నాను.

మూడంగుళాల హీల్స్ కొన్నాను, సన్న మడమవి. అంగడి పిల్లవాడు, "ఏసీ హాళ్ళకైతే బాగుంటాయి మేడం" అన్నాడు. వాడు హెచ్చరిస్తున్నాడని అర్థం కాలేదు. పొగుడుతున్నాడనుకున్నాను.

పెండ్లి ఏసీ హాల్లో కాదు. ఆదోని నుంచి ఎమ్మిగనూరు పోయే దారిలో రోడ్డు దిగి లోపలికి పోవాల్సిన పల్లెలో. శ్రావణ మాసం. చానా రోజులు మొగం చాటేసిన వాన సరిగ్గా ముందు రాత్రి కురిసింది. ఊళ్ళో పెండ్లి సంబరం కంటే వాన సంబరమే ఎక్కువ కనిపించింది. చేన్ల దిక్కు చూస్తూ మాట్లాడుకునేవాళ్ళే అంతా. వానను తిట్టుకున్నది ఆ ఊరి మొత్తానికి నేనొక్కదాన్నే అయి ఉంటాను.

కారు తారురోడ్డు మీదే ఆగింది. అక్కడి నుంచి పందిరికి చేని గట్టు మీద నడవాలి. ఆడవాళ్ళంతా మెట్లు విడిచి చేత పట్టుకుని, పట్టుచీరలు పైకి దోపుకుని, నవ్వుకుంటా దాటేసినారు. ముందు పోతున్న ఒక అవ్వ వెనక్కి తిరిగి నా కాళ్ళు చూసి, "మెట్లిడ్సి చేత పట్టుకోమ్మా, రేగడి ఇది" అంది.

"పర్వాలేదవ్వా, నాకు అలవాటే" అన్నాను.

అవి వేసుకుని మా ఇంటి హాల్లో సోఫా నుంచి టీవీ దాకా నడిచిన అలవాటు. పైగా నేను పుట్టింది ఈ మట్టిలోనే. మా నాయన పత్తి పండించి ఆదోని మార్కెట్ యార్డుకు తోలినాడు. ఎండాకాలం బీటల్లో కాలు ఇరుక్కుంటుందని చిన్నప్పుడు చేన్లోకి పోనిచ్చేవాళ్ళు కాదు. ఈ మట్టిలో బంకపాలు ఎక్కువ. నీళ్ళు తాగితే ఉబ్బుతుంది, ఎండితే కుంచించుకుని పగులుతుంది. తడిని పట్టుకుంటే వదలదు కాబట్టే పత్తికి అంత ఇష్టం. ఇవన్నీ తెలిసి కూడా కాలు పెట్టినాను.

నాలుగడుగులు బాగానే నడిచినాను. ఆ తర్వాత కాలు వచ్చింది, చెప్పు రాలేదు. దాన్ని లాగబోతే రెండో మడమ దిగిపోయింది. ఎటూ కదలలేక, చీర కుచ్చిళ్ళు ఒక చేత, బహుమతి డబ్బా ఒక చేత పట్టుకుని నిలబడినాను. వెనక నుంచి మా మరిది, "వదినా, కదలొద్దు, అట్లే ఉండు" అని అరుస్తా వచ్చి, పార అడిగి తెప్పించి, చెప్పులు తవ్వి తీసినాడు. భుజం మీది ఎమ్మిగనూరు తువ్వాల ఇచ్చి కాళ్ళు తుడుచుకోమన్నాడు. మాచాని సోమప్ప గారు సంఘం పెట్టి నేతగాళ్ళకు బతుకు చూపించింది ఇట్లాంటి వాటికి కాదు పాపం.

అప్పుడైనా బుద్ధి రావాల. చెప్పులు కొళాయి కింద కడిగి మళ్ళీ వేసుకున్నాను. పెండ్లివారి ఇంట్లో కొత్తగా పాలిష్ పట్టించిన బండలు. వచ్చినవాళ్ళంతా కాళ్ళు కడుక్కుని లోపలికి రావడంతో నేలంతా తడి. రేగడి నన్ను పట్టుకుని వదల్లేదు, బండలు పట్టుకోనే లేదు. చీలమండ మడత పడింది.

ఎముక విరగలేదని ఎక్స్-రే చెప్పింది. ఎట్ల జరిగిందని డాక్టరు అడిగితే, "బస్సు మెట్టు మీద జారినాను" అన్నాను. పుత్తూరు కట్టుకు పొమ్మన్న ఇరుగుపొరుగుకు కూడా అదే బస్సు కథ.

మా ఆయన ఫిజిక్స్ మాస్టరు. ఓదార్చడం ఆయనకు రాదు, లెక్కలొస్తాయి. "నీ బరువు 60 కిలోలు. సగం ఆ మడమ మీద పడినా, చదరపు సెంటీమీటరుకు 30 కిలోలు. నాలుగు టన్నుల ఏనుగు పాదం కింద ఒక కిలో చిల్లర పడుతుందేమో. ఆ గట్టు మీద ఏనుగు నడిచి ఉంటే పందిరి దాకా పోయేది" అన్నాడు.

మంచం మీద ఉన్నన్నాళ్ళూ ఈ చెప్పుల చరిత్ర చదివినాను. ఎత్తు మడమను మొదట తొడిగింది పారశీక దేశపు రౌతులంట, రికాబులో పాదం నిలవడానికి. గుర్రం దిగి నడవడానికి కాదని గమనించాల. ఫ్రాన్సు రాజు పద్నాలుగో లూయీ ఎర్ర మడమలు వేసేవాడు. ఆయనా పొట్టివాడేనని కొందరంటారు, నాకు కొంచెం ధైర్యం వచ్చింది. కాలిఫోర్నియాలో కార్మెల్ అనే చిన్న ఊళ్ళో 1963లో ఒక చట్టం చేసినారు. రెండంగుళాలకు మించిన సన్న మడమలు వేసుకోవాలంటే పర్మిట్ తీసుకోవాల. చెట్ల వేర్లు లేచి బాటలు ఎగుడుదిగుడుగా ఉంటాయి కాబట్టి, పడినవాళ్ళు ఊరి మీద కేసు పెట్టకుండా ఆ ఏర్పాటు. మా దిక్కు అదే చట్టముంటే ఆ పర్మిట్ ఆ అవ్వ చేతిలో ఉండాల, నాకు ఇచ్చేది కాదు.

డిసెంబరులో చికాగో నుంచి మేనకోడలు ఫోన్ చేసింది. ఆఫీసు పార్టీకి హీల్స్‌తో పోతూ కారు దిగంగానే జారిందంట. రోడ్డు మీద అద్దంలా పలచగా గడ్డకట్టిన మంచు, కింద తారు కనిపిస్తుంది కాబట్టి కంటికి ఆనదంట. అక్కడ తెలివైనవాళ్ళు మంచు బూట్లతో పోయి, హీల్స్ సంచిలో పెట్టుకుని, లోపల మార్చుకుంటారంట. నేను వదిలిపెట్టినానా? "మంచులో ఎవరైనా హీల్స్ వేసుకుంటారా? చదువుకున్నావు, బుద్ధి లేదా? పడినాక తెలిసి ఏం లాభం?" అని అరగంట వాయించినాను. పాపం అన్నీ విని, "సరే అత్తా, నీ కాలెట్లుంది? బస్సులు జాగ్రత్తగా ఎక్కు" అంది.

పెండ్లి ఆల్బం కూడా వచ్చింది. గ్రూపు ఫోటోలో అందరూ నిలబడి ఉన్నారు. నేను ఒక కుర్చీలో కూర్చుని, ఇంకో కుర్చీ మీద కాలు చాపుకుని ఉన్నాను. ఈసారి తోడికోడలి నడుము దగ్గర ఆగినాను.

మాఘంలో ఎమ్మిగనూరులో ఇంకో పెండ్లి ఉంది. హాలుకు ఫోన్ చేసి నేల ఎట్లాంటిదని అడిగినాను. వాకిలి దాకా సిమెంటు, లోపలంతా తివాచీ అంట. సంచి కూడా వెతికి పెట్టుకున్నాను.