పిలిస్తే పలుకుతాడు

మా మాస్టారికి ఇద్దరంటే గురి. ఒకరు చెన్నకేశవస్వామి, రెండోవాడు కంప్యూటర్ కుర్రాడు. స్వామివారైనా అప్పుడప్పుడూ పరీక్ష పెడతారు గానీ కుర్రాడు మాత్రం పిలిస్తే పలుకుతాడంటారు ఆయన.

లెక్కల మాస్టారుగా రిటైరయ్యాక పెన్షనర్ల సంఘం జమాఖర్చులు నెత్తికెత్తుకున్నారు. 2022 ఏప్రిల్‌లో పల్నాడు వేరే జిల్లా అయ్యాక ఆ కాగితాలు గుంటూరు మానేసి నరసరావుపేట దారి పట్టాయి. చేత్తో రాసి పంపితే వెనక్కొస్తున్నాయని కుర్రాడి దగ్గర అసెంబుల్డ్ కంప్యూటర్ కొన్నారు. బ్రాండెడ్‌ది యాభై వేలన్నారు, కుర్రాడు ముప్పై రెండుకే ఇచ్చాడు. బిల్లు వద్దంటే 18 శాతం జీఎస్టీ కూడా మిగిలింది. “బిల్లెందుకు మాస్టారూ, మీకు నేను లేనా?” అన్నాడట. ఆ మాట మాస్టారు ఎవరు దొరికితే వాళ్ళకు చెబుతారు.

రెండో నెలలోనే ఆగింది. ఆన్ చేస్తే ఫ్యాను తిరుగుతుంది, తెర మీద బొమ్మ రాదు, లోపల్నించి పొడుగ్గా ఒక కూత. ఫోన్ చేసిన పావుగంటకల్లా ఇంటి ముందు బండి ఆగింది. కుర్రాడు చెప్పులు బయట విడిచి, “పిన్నీ, మంచినీళ్ళు” అంటూ లోపలికొచ్చి, బాసింపట్టు వేసుకుని నేల మీద కూచున్నాడు. క్యాబినెట్ పక్క రేకు ఊడదీసి, ర్యామ్ పట్టీకి అటూ ఇటూ ఉన్న క్లిప్పులు నొక్కి బయటికి లాగాడు. జేబులోంచి నటరాజ్ రబ్బరు తీసి, పట్టీ అంచున ఉండే బంగారు రంగు గీతల్ని ఒకే వైపుకి, చంటిపిల్ల మూతి తుడిచినంత నెమ్మదిగా రుద్దాడు. మళ్ళీ దాని చోట నిలబెట్టి రెండు బొటనవేళ్ళతో నొక్కితే టక్కుమంది. తెర వెలిగింది.

“దుమ్ము మాస్టారూ. మన ఊరి దుమ్ము అట్టాంటిది.”

డబ్బులివ్వబోతే రెండు చేతులూ జోడించాడు. మాస్టారు ఆ పూట అన్నం తినకుండా అతణ్ణి పంపలేదు.

దుమ్ము మాట అబద్ధం కాదు. సిమెంటు ఫ్యాక్టరీ ఉన్న ఊరు, సున్నపురాయి లారీలు తిరిగే రోడ్లు, పైన 45 డిగ్రీల ఎండ. కాకపోతే ఆ దుమ్ము ఊళ్ళో అందరి ఇళ్ళలోనూ ఒకే తీరుగా పడుతుంది.

తర్వాత విండోస్ పోయింది, వచ్చి ఎక్కించి వెళ్ళాడు. ఆ తర్వాత ఎస్ఎంపీఎస్ కాలింది. గోడలోంచి వచ్చే 230 వోల్టుల్ని 12కి, 5కి, 3.3కి దించి లోపలి భాగాలకు పంచే పెట్టె అది. మీద 450 వాట్లని చీటీ ఉంది, చేత్తో ఎత్తితే బరువే తెలియలేదు. ఉండాల్సిన రాగిచుట్టలూ ఫిల్టర్లూ ఎగ్గొట్టాక బరువెక్కడిది! కుర్రాడు అప్పటికప్పుడు సికింద్రాబాద్ చెనాయ్ ట్రేడ్ సెంటర్‌కి ఫోన్ కొట్టి, సాగర్ మీదుగా వచ్చే బస్సులో వేయించి, మర్నాడు పొద్దున మాస్టారు కాఫీ తాగే వేళకి బిగించాడు. కొత్తదాని ధర మాత్రమే తీసుకున్నాడు, బిగించినందుకు పైసా ముట్టలేదు. బిల్లుంటే ఆ ధర కూడా తప్పేదేమో అన్న ఊసు ఇద్దరూ ఎత్తలేదు.

అదయ్యాక మదర్‌బోర్డు. పేరూ ఊరూ లేని రకం. దాని మీద కెపాసిటర్లు నెత్తులు ఉబ్బి, ఒకటి రెండు గోధుమరంగు జిగురు కక్కి ఉన్నాయి. నాసి కెపాసిటర్ల దెబ్బ పెద్ద కంపెనీలకే తగిలిందనీ, ఆప్టిప్లెక్స్ కంప్యూటర్లలో ఇట్లాగే ఉబ్బిపోతుంటే 2005లో డెల్ కంపెనీ వాటి మరమ్మతులకు 30 కోట్ల డాలర్లు తీసి పక్కన పెట్టాల్సొచ్చిందనీ చెప్పాను.

“చూశావా, డెల్ అంతవాడికే తప్పలా!” అన్నారు మాస్టారు. “మరి ఆ డెల్ వాడు ఒక్కరింటికన్నా వచ్చి చాప మీద కూచున్నాడా?”

దీనికి నా దగ్గర జవాబు లేదు.

ఊళ్ళో కంప్యూటర్లు చేసిచ్చే ఇంకో ఆయన ఉన్నాడు. ముక్కు మీద కోపం. కొనబోయినవాడికి కుర్చీ వేయడు. ముందడిగే ప్రశ్న, “మీ ఇంట్లో ఎర్తింగ్ ఉందా?” ఉందంటే నమ్మడు, మల్టీమీటర్ పట్టుకుని తనే వచ్చి ప్లగ్గులో పెట్టి చూస్తాడు. న్యూట్రల్‌కీ ఎర్త్‌కీ మధ్య రెండు మూడు వోల్టులు దాటితే, “గుంట తవ్వించి, బొగ్గూ ఉప్పూ వేయించి అప్పుడు రాండి” అని వెళ్ళిపోతాడు. ప్రాసెసర్ సీలు డబ్బాలోదే పెడతాడు. విడిగా ట్రేలో వచ్చేది వెయ్యో రెండు వేలో తక్కువకి వస్తుంది గానీ ఇంటెల్ ఇచ్చే మూడేళ్ళ వారంటీ దానికి ఉండదు. బిల్లు లేకుండా ఇవ్వడు, యూపీఎస్ లేకుండా అసలే ఇవ్వడు. లోపలున్న ప్రతి వస్తువు సీరియల్ నంబరూ నీలం బాల్‌పెన్నుతో చీటీ మీద కుదురుగా రాసి క్యాబినెట్ వెనక అంటిస్తాడు. చివర్న ఒక మాట: “తేడా వస్తే మోసుకురాండి. నేను ఇళ్ళకి రాను.”

మాస్టారు మొదట ఆయన దగ్గరికే వెళ్ళారు. “కంప్యూటర్ కొనబోతే నాకే పరీక్ష పెట్టాడు, ముప్పై ఐదేళ్ళు పరీక్షలు పెట్టినవాణ్ణి!” అని ఆ గుమ్మం దిగినవారు మళ్ళీ అటు చూడలేదు.

బస్టాండు దగ్గర జిరాక్సు షాపులో ఉన్నది ఆయన చేసిచ్చిందే. పొద్దున ఏడింటికి ఆన్ చేస్తే రాత్రి పదింటికి గానీ ఆపరు. నోటిఫికేషన్ పడినప్పుడైతే పన్నెండు. ఒకసారి జిరాక్సు అతన్ని అడిగాను, ఆయన సర్వీసు ఎట్లా ఉంటుందని.

“ఏమో సార్, చెప్పలేను.”

“అదేంటి, కొని ఇన్నేళ్ళయిందిగా?”

“నోరు మాత్రం మంచిది కాదు సార్. సర్వీసంటారా, ఆయనతో ఆ పని పడలా.”

ఈ ఏడు మా బావమరిది కూతురికి ఇంజనీరింగులో సీటొచ్చింది. కంప్యూటర్ కావాలంది. మాస్టారి చెవిన పడటమే ఆలస్యం, చొక్కా తొడుక్కుని బయల్దేరారు. “ఆడపిల్ల చదువు. మధ్యలో ఆగితే ఎవరొస్తారు? మన కుర్రాడైతే అర్ధరాత్రయినా వస్తాడు.”

కుర్రాడి షాపు పెళ్ళివారిల్లు మాదిరి ఉంది. బెంచీ మీద ముగ్గురు ఒళ్ళో క్యాబినెట్లు పెట్టుకుని కూచున్నారు. ముగ్గురి మొహాల్లోనూ విసుగన్నది లేదు. అందర్నీ వరస పెట్టి పిలుస్తున్నాడు మరి, బాబాయ్, అన్నా, పెద్దమ్మా అంటూ. మమ్మల్ని చూడగానే లేచి స్టూళ్ళు జరిపాడు, టీ చెప్పాడు, అమ్మాయి ఏ బ్రాంచో అడిగాడు. బల్ల వెనక తెర మీద ఎస్టిమేట్ కొట్టడం మొదలెట్టాడు. ప్రాసెసర్, బోర్డు, 16 జీబీ ర్యామ్, 512 ఎస్ఎస్‌డీ.

టప్పున కరెంటు పోయింది. గోడ వారగా బాగు చేయడానికి తెరిచి పెట్టిన నాలుగూ ఒక్కసారే గుడ్లు తేలేశాయి. కుర్రాడు మాత్రం తలెత్తకుండా కొట్టుకుంటూనే ఉన్నాడు. నా మోకాలికి వెచ్చగా గాలి తగులుతుంటే వంగి చూశాను. బల్ల కింద యూపీఎస్, దాని పక్కన రంగు వెలిసిన పాత క్యాబినెట్. వెనక అంటించిన చీటీ మీద నీలం బాల్‌పెన్నుతో కుదురుగా సీరియల్ నంబర్లు. అడుగున తేదీ, 2014.

నేను వంగడం చూసి మాస్టారూ వంగారు. కళ్ళజోడు సర్దుకుని పై నుంచి కింది దాకా చదివారు. ఆయనకా దస్తూరీ తెలుసు.

“ఏందబ్బాయ్, ఇది ఆయన చేసింది గదూ?”

కుర్రాడు దాచలేదు. ఎస్టిమేట్ ప్రింటుకి పెడుతూ నవ్వాడు.

“ఔను మాస్టారూ. నేను కొట్టు పెట్టిన కాడ్నించీ ఇదే. పొద్దస్తమానం మీ ఇళ్ళ చుట్టూ తిరగటానికే సరిపోద్ది గదా, ఇది కూడా ఆగితే చూసే తీరికెక్కడిది నాకు?”

మాస్టారు కాసేపు ఏమీ అనలేదు. తర్వాత నిటారుగా కూచుని నా వైపు తిరిగారు.

“చూశావా, కడుపులో ఏదీ దాచుకోడు. అడ్వాన్సిచ్చెయ్.”